లోపట సుత నలుపే

మా ముత్తాత ఎల్లారెడ్డి తాలూకాలో పదకొండు ఊళ్లకు దేశ్‌ముఖు. తాత కాలానికి ఊళ్లు పోయాయి, గడి అనే కోటలాంటి ఇల్లు మిగిలింది. నాన్న కాలానికి ఆ గడిలో పైకప్పు ఉన్న గదులు మూడే మిగిలాయి. నా వంతుకు తాత కూర్చున్న టేకు కుర్చీ వచ్చింది. దాంతోపాటు, చెప్పిన మాట మళ్లీ చెప్పకపోవడం, విన్న మాట మళ్లీ అడగకపోవడం అనే మా ఇంటి అలవాటు కూడా.

2011లో కామారెడ్డిలో, ఎల్లారెడ్డి రోడ్డు మీద నాకొక చిన్న వర్క్‌షాప్ ఉండేది. చక్రాల తుప్పు వదిలించి కొత్తగా రంగు వేయడం మా పని. వచ్చేవి ఎక్కువగా ట్రాక్టర్లు, జీపులు. తాత కుర్చీని షెడ్డు గుమ్మం పక్కన వేసుకున్నాను. అందులో నేను తప్ప ఎవరూ కూర్చునేవారు కాదు. రంగు కొట్టేది సాయిలు. నాకంటే రెండేళ్లు పెద్దవాడు. వాళ్ల నాయిన మా గడిలో పనిచేశాడు. సాయిలు షెడ్డులో కూడా నన్ను దొర అనే పిలిచేవాడు. నేను వద్దనలేదు.

ఆ వానాకాలంలో ఎల్లారెడ్డి నుంచి మహేందర్ వచ్చాడు. బోరుబావులు తవ్వే బోరుబండ్ల యజమాని. వాళ్ల తాత మా గడి ముందు నుంచి చెప్పులు చేతిలో పట్టుకుని నడిచేవాడని ఊళ్లో అనేవారు. నేను ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. హైదరాబాద్‌లో కొన్న పాత ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రెండే సీట్లు, ఎర్ర రంగు. దాని చక్రాలు వైర్ వీల్స్, అంటే సైకిల్ చక్రానికి ఉన్నట్టు ఊచలు ఉన్నవి. వెండి రంగు పెచ్చులు లేచి, ఊచల మొదళ్ల దగ్గర తుప్పు పట్టింది.

ఈ చక్రాలకు నాలుగు బోల్టులు ఉండవు. చక్రం నడుమ గుంతలో పళ్లు ఉంటాయి, వాటిని స్ప్లైన్ అంటారు. ఇరుసు చివర ఉండే హబ్ మీద కూడా అలాంటి పళ్లే ఉంటాయి. ఒకదానిలో ఒకటి దిగాక, రెండు చెవులున్న పెద్ద నట్టును సుత్తితో కొట్టి బిగిస్తారు. ఆ పళ్లకు గ్రీజు తప్ప మరేదీ తగలకూడదు. రంగు పడితే చక్రం ఇనుము మీద కాక రంగు పొర మీద కూర్చుంటుంది. నడిచేకొద్దీ ఆ పొర నలుగుతుంది, నట్టు వదులవుతుంది. అందుకని గుంతలకు సరిపోయే నాలుగు కొయ్య బిరడాలు లేత్ మీద తీయించి సాయిలుకు ఇచ్చాను.

ఇసుకతో బ్లాస్టింగ్ అయి, ప్రైమర్ ఆరిన రోజు మహేందర్ చూడటానికి వచ్చాడు.

"నల్ల చక్రాలేస్తె ఎర్రబండి పులి లెక్క కొడ్తది దొరా. సగం సగం వద్దు. లోపట సుత నలుపే ఉండాలె."

ఆ మాట అంటూ అతను రిమ్ము వెనక వైపు చేత్తో చూపించాడు. సాయిలు అటు తిరిగి స్ప్రే గన్‌లో రంగు పోస్తున్నాడు. నేను కుర్చీలోంచే అన్నాను: "ఇన్నవు గద సాయిలూ. లోపట సుత నలుపే."

"అట్లనే దొరా."

శనివారం మధ్యాహ్నం మహేందర్ కారు తీసుకుని వెళ్లాడు. చక్రాలు అద్దాల్లా ఉన్నాయి. ఆదివారం పొద్దున షెడ్డు సర్దుతుంటే గూట్లో నాలుగు బిరడాలు కనిపించాయి. ఒక్కదాని మీదా నల్లచుక్క లేదు.

సాయిలును పిలిచాను. "బిరడాలు పెట్టలేదా?"

"మీరే అంటిరి గద దొరా, లోపట సుత నలుపే అని."

"రిమ్ము లోపటి దిక్కు అన్న. పండ్ల మీద రంగు పడితె ఏమైతదో నీకు తెల్వదా?"

"తెల్సు."

"తెల్సి ఎట్ల కొట్టినవ్?"

అతను చేతులు తుడుచుకున్నాడు. "మా నాయిన మీ తాతకు ఎన్నడన్న ఎదురు చెప్పిండా దొరా? చక్రం బిగవట్టంగ సుత ఎక్కలే. సుత్తితోని కొట్టి ఎక్కిచ్చిన."

మహేందర్‌కు ఫోన్ చేశాను. మోగుతోంది గానీ ఎత్తడం లేదు. స్కూటర్ మీద సాయిలును ఎక్కించుకుని ఎల్లారెడ్డి పోయాను. ఇంట్లో వాళ్ల అవ్వ చెప్పింది: "పోచారం అలుగు దుంకుతున్నదని బిడ్డను తీస్కొని పోయిండు. గా నల్లచక్రాల బండిల."

పోచారం దారి పొడవునా నేను రోడ్డు పక్క గుంతలనే చూస్తూ నడిపాను. అలుగు మీంచి నీళ్లు పొర్లుతున్నాయి, కారు చెరువు కట్ట దగ్గర ఆగి ఉంది. తండ్రీబిడ్డలు మక్కకంకులు తింటున్నారు. అమ్మాయికి పదేళ్లు ఉంటాయి.

"ఏంది దొరా, మీరు సుత అలుగు చూడొచ్చిండ్రా?" అన్నాడు మహేందర్.

నేను ముందు ఎడమ చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, నట్టు చెవులను చేత్తో తిప్పాను. సుత్తి దెబ్బలకు తప్ప అది కదలకూడదు. తిరిగింది.

"నేను చెప్తనే ఉన్న డాడీ, టక్కుటక్కు అంటున్నదని," అంది అమ్మాయి. "సైలెన్సర్ అన్నవ్."

మహేందర్ కంకి పక్కన పెట్టాడు. "ఎవని పని ఇది?"

"నాదే సార్," అన్నాడు సాయిలు వెంటనే. "పండ్ల మీద రంగు కొట్టిన. నాదే తప్పు."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. మహేందర్ కూడా అతని వైపే తిరిగాడు. నేను లేచి నిలబడ్డాను.

"చెయ్యి సాయిలుది. మాట నాది. లోపట అంటె ఎక్కడనో చెప్పలే. తప్పు నాది, మహేందర్. బండి కదపకు."

అతను వంగి నట్టును తానూ తిప్పి చూశాడు. తర్వాత ఫోన్ తీసి బోరుబండి వెంట పైపులు మోసే లారీని రమ్మన్నాడు. "ఎక్కియ్యుండ్రి ఇగ. ఎల్లారెడ్డంత చూస్తది, బోరు లారీ మీద పులి," అన్నాడు. నవ్వలేదు.

నాలుగు చక్రాల పళ్ల మీది రంగును రిమూవర్‌తో, ఇత్తడి బ్రష్‌తో తీశాం. మూడు బాగున్నాయి. ముందు ఎడమ చక్రం పళ్లు, హబ్ పళ్లు అరిగి కత్తి అంచుల్లా అయ్యాయి. వాటిని బాగు చేయడం కుదరదు. చెన్నై నుంచి కొత్తవి తెప్పించి, ఈసారి బిరడాలు నా చేత్తో పెట్టాను. మహేందర్ కారు తీసుకునేటప్పుడు నాలుగు నట్లనూ తానే సుత్తితో కొట్టి చూసుకున్నాడు. అది అతని హక్కు.

పళ్లకు రంగు తగలకూడదని నాకు ముందే తెలుసు, సాయిలుకూ తెలుసు. తెలిసిన ఇద్దరి మధ్య ఆ పని తప్పుగా జరిగింది. అప్పటినుంచి, గన్ పట్టుకునే ముందు ఎక్కడ కొట్టబోతున్నాడో, ఎక్కడ కొట్టడో సాయిలు తన మాటల్లో నాకు చెప్పాలి. నేను చెప్పింది తప్పయితే కాదనాలి. మొదటి "కాదు" రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక జీపు రిమ్ముకు ప్రైమర్ ఆరిందనుకుని రంగు కొట్టమన్నాను. "కాదు దొరా," అన్నాడు నేల చూస్తూ. వేలు పెట్టి చూశాను. తడిగానే ఉంది.

చెన్నై నుంచి తెప్పించిన హబ్బుకూ చక్రానికీ డబ్బు కట్టడానికి తాత కుర్చీ అమ్మాను.