నాకంటే ముందు వెళ్ళిన సంచి

దెయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వేదాన్ని. రాయచూరు బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. పెళ్ళివాళ్ళకు బేరమాడేటప్పుడు పట్టే దెయ్యం తప్ప వేరే దెయ్యాన్ని చూడలేదని అందరితో అనేదాన్ని. ఇప్పుడు అనడం లేదు.

నాన్న పోయాక దుకాణం నేనే చూస్తున్నాను. పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో ఉండేది నేనూ అమ్మా. ఎండాకాలమంతా మాకు పెళ్ళిళ్ళ గిరాకీ, అందుకని నలభై దాటినా వేసవిలో ఒక్కసారీ ఊరు కదల్లేదు. పోయినేడు నడివేసవిలో మూఢం వచ్చింది. మూఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, గిన్నెలు కొనేవాళ్ళూ ఉండరు. ఇంతకంటే అదను దొరకదనుకున్నాను. నా కారులో నేనొక్కదాన్నే కుద్రేముఖ్, నాగరహొళె, బండీపుర అడవులు తిరిగి రావాలని తీర్మానించుకున్నాను. నా కోసం నేను చేసుకుంటున్న మొదటి పని అది. ఆ ఆశతో నిద్ర కూడా సరిగ్గా పట్టేది కాదు.

గదులు ముందే మాట్లాడుకున్నాను. కుద్రేముఖ్ దగ్గర కాఫీ తోటలో ఒక పెద్దాయన ఇంట్లో మొదటి మజిలీ. గది చూపించమని వీడియో కాల్ చేశాను, కాబట్టి ఆయనకు నా ముఖం తెలుసు.

ఒంటరిగా వెళ్తున్నానని అమ్మ అడ్డు చెప్పలేదు. మూఢంలో బయలుదేరడానికి మాత్రం ససేమిరా అంది. చివరికి ఉపాయం కూడా తనే చెప్పింది. మా ఇళ్ళల్లో ప్రస్థానం పెట్టడం అని ఒక ఆచారం ఉంది. మంచిరోజున బయలుదేరడం కుదరకపోతే, కట్టుకునే బట్టల సంచిలో పసుపు, వక్క, బియ్యం మూటగట్టి పెట్టి, దాన్ని పక్కింట్లో ఉంచి రావాలి. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే లెక్క. తరువాత మనం తీరిగ్గా వెళ్ళవచ్చు.

మూఢం రాకముందే సంచి తీసుకెళ్ళి పక్కింటి సరోజక్క దగ్గర పెట్టాను. అందులో పైన పెట్టింది నా కొత్త పసుపు కుర్తా.

"సంచి పెట్టినవంటే నువ్వు పోయినట్లే. ఇంగ ఇంట్ల శానా దినాలు కూసోగూడదు" అంది అమ్మ.

నేను కూర్చోవలసి వచ్చింది. కారు బ్రేకులు బాగు చేయించడానికి ఇస్తే, హైదరాబాదు నుంచి సామాను రావడం ఆలస్యమైంది. అమ్మ రోజూ సణిగేది. సంచికి కాళ్ళొచ్చి వెళ్ళిపోతుందా అని ఆటపట్టించేదాన్ని.

వెళ్ళాల్సిన రోజు దాటిపోయిందని, ఒక ఉదయం దుకాణం నుంచే తోట పెద్దాయనకు ఫోన్ చేశాను. క్షమించండి, ఇంకో నాలుగు రోజులకు వస్తానన్నాను. ఆయన నవ్వాడు. ఏం మరిచిపోయారమ్మా, మళ్ళీ వస్తారా అని అడిగాడు. నాకు అర్థం కాలేదు. నేను మొన్న సాయంత్రం వానలో నడుచుకుంటూ వచ్చానట. చేతిలో ఒకే సంచి, ఒంటిమీద పసుపు కుర్తా. మా వైపు తినే జొన్నరొట్టె కావాలన్నానట. రెండు రాత్రులు ఉండి, ఆ పొద్దునే నాగరహొళె వెళ్తున్నానని చెప్పి బయలుదేరానట.

వేరే ఎవరినో చూశారన్నాను. ఆయన వీడియో కాల్ పెట్టమన్నాడు. నా ముఖం చూసి, మీరే కదమ్మా అన్నాడు. గల్లా పెట్టె తెరిచిపెట్టి సరోజక్క ఇంటికి పరుగెత్తాను.

సంచి నేను పెట్టినచోటే ఉంది.

"ఈడికెంచి కదల్లే. నేనెవరికీ ఇయ్యలే" అంది సరోజక్క.

తెరిచి చూశాం. కుర్తా తడిగా ఉంది. అంచులకు ఎర్రమట్టి. మా చుట్టుపక్కల ఉండేది నల్లరేగడి, అప్పటికి చుక్క వాన లేదు. బియ్యం మూట కట్టు కట్టినట్టే ఉంది, పొడిగా కూడా ఉంది. సరోజక్క మంచం మీద కూలబడింది.

ఆ సాయంత్రం నాగరహొళెలో నేను గది మాట్లాడుకున్న చోటు నుంచి ఫోన్. గది తయారుగా ఉంది, దారిలో ఉన్నానని పొద్దున ఫోన్‌లో చెప్పారు, ఇంకా రాలేదేమని అడిగారు. ఏం చెప్పాలో తోచక రావడం లేదని చెప్పి పెట్టేశాను. మరునాడు అడిగినా ఎవరూ రాలేదనే అన్నారు.

పెద్దాయనకు మళ్ళీ ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన మనుషుల్ని వేసుకుని జీపులో ఘాటు రోడ్డంతా వెతికించాడు. ఎవరూ కనబడలేదు. అప్పుడు ఒక మాట చెప్పాడు. బయలుదేరేటప్పుడు ఆమెను అడిగాడట, కారు లేకుండా అంత దూరం ఎలా వెళ్తారని. ఆమె గేటు దగ్గర నిలబడి నవ్విందట.

"బండి నా వెనక వస్తోంది, దారిలో ఎదురుచూస్తుంటాను" అందట.

కారు బాగై వచ్చి ఏడాది అవుతోంది. గోదాముకి, ఇంటికి తప్ప దాన్ని బయటికి తీయలేదు. అమ్మ ఆ సంగతి ఎత్తదు, నేనూ ఎత్తను. పెద్దాయన అబద్ధం చెప్పాడనుకుందామంటే తడిసిన కుర్తా నా చేతుల్తో పట్టుకున్నాను. ఆ దారిలో ఎవరో నా కోసం నిలబడి ఉన్నారని తెలిసి కూడా, వెళ్ళే ధైర్యం నాకు లేదు.