జహాజ్ ఎత్తు బెల్లం

నేను పుట్టినప్పుడు మా బాపు వాడకట్టంతా బెల్లం పంచాడు, తన నోట్లో మాత్రం చిన్న ముక్క కూడా వేసుకోలేదు. ఆడపిల్ల పుట్టిందని మొహం మాడ్చుకున్నాడని అమ్మలక్కలు చెవులు కొరుక్కున్నారు. పదహారేళ్లు నేనూ అదే నమ్మాను. బాపు మీద కోపమొచ్చినప్పుడల్లా ఆ బెల్లమే గుర్తొచ్చేది.

బాపు పేరు కొమురెల్లి, ఊరు లక్సెట్టిపేట. యుద్ధం రోజుల్లో పొట్ట చేత పట్టుకుని బొంబాయి పోయి, సరుకుల ఓడలో బాయిలర్‌కు బొగ్గు వేసే పనిలో కుదిరాడు. యుద్ధం కోసమని హడావుడిగా కట్టిన ఓడ అది. మొదట ఫిరంగి గుండ్లు మోసింది. తర్వాత ఒక సేటు కొని 'జలమణి' అని పేరు పెడితే గోధుమలు మోసింది. నలభై తొమ్మిదిలో తుఫానుకు దాని అడుగు పగిలింది. మోకాలి లోతు నీళ్లలో బొగ్గు వేస్తూ బాపు మొక్కుకున్నాడు: "తల్లీ సమ్మక్కా! గీ జహాజ్ ఒడ్డుకు చేరితే దీని ఎత్తు బంగారం నీకిస్త!"

మేడారం జాతరలో బంగారమంటే బెల్లమే. మనిషి కోసం మొక్కితే మనిషిని కాంటాలో కూర్చోబెట్టి అంత బెల్లం తూస్తారు. మరి ఓడనో? ఓడ క్షేమంగా ఒడ్డు చేరింది, మా బాపు ఇరుక్కుపోయాడు.

ఇంటికొచ్చి మందమర్రి బొగ్గుబాయిలో చేరాడు. మొక్కు తీరేదాకా బెల్లం ముట్టనన్నాడు. జాతరకు పోవడానికి మొహం చెల్లలేదు. నలుగురూ నవ్వుతారని నన్ను కన్న మా అవ్వ లస్మవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

"ఏడు వేల టన్నుల బెల్లమా! మొక్కేటప్పుడు జర సోయి ఉండద్దా?" అనేదట అవ్వ.

"మునిగేటోనికి తూకం యాదికుంటదా?"

అరవై ఏడులో, ఓడలో బాపుతో పనిచేసిన అంబదాస్ ఒక పొట్లం పంపాడు. జలమణిని ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేశారట. పొట్లంలో దాని రేకులు బిగించిన ఇనుప రివిట్ ఒకటి ఉంది, బొటనవేలంత. బాపు దాన్ని గుండెకు హత్తుకుని బావురుమన్నాడు.

"నన్ను ఒడ్డుకేసింది లస్మా. దాని మొక్కు ఇగ తీరది."

కథంతా అప్పుడు నాకు చెప్పాడు.

అవ్వ రివిట్‌ను కొంగుతో తుడిచింది. "జహాజ్ గింతే మిగిలింది. అది బతికిచ్చింది నిన్ను. ఇద్దరినీ ఒక్క కాంటాల పెడుదాం. తల్లి కాదంటదా?"

మరుసటి మాఘంలో ముగ్గురం మేడారం పోయాం. పిడికిట్లో రివిట్ పట్టుకుని బాపు కాంటాలో కూర్చున్నాడు. కాంటా సమంగా నిలబడినా బాపు దిగలేదు. "ఇంకో ముద్ద వెయ్యుండ్రి. జహాజ్ పెద్దది" అన్నాడు. అవ్వ నవ్వుతూ కళ్లొత్తుకుంది.

మొక్కు చెల్లాక ప్రసాదం బెల్లం ముక్క బాపు చేతిలో పెట్టారు. నోటిదాకా తీసుకుపోయి ఆగాడు.

"నర్మదా, ఇటు రా బిడ్డా."

దగ్గరికి వెళ్లాను. నా ముఖం చూస్తూ ఆ ముక్కను నోట్లో వేసుకున్నాడు.

"గిది నువ్వు పుట్టిన్నాటి బెల్లం."