వాము నీళ్ల మీద వేసిన నింద

ఒక ముసలామె మీద నేను వేసిన నింద ఇన్నేళ్లుగా నన్నే నలిపేస్తోంది. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

పట్నం పడమటి వైపు ఐటీ కంపెనీల అద్దాల మేడలు లేస్తున్న రోజులు. నేను చేవెళ్లలో ఒక చిన్న నర్సింగ్ హోంలో డాక్టర్‌ని. ఒక ఉదయం ఎంకపల్లి నుంచి రూతమ్మ అనే ఆవిడ, ఆరో నెల గర్భంతో ఉన్న కోడలు సుజాతను తీసుకొచ్చింది. నొప్పి, వాంతులు. నొప్పి మొదట బొడ్డు చుట్టూ ఉండి తర్వాత కుడివైపుకు జరిగిందట. బొడ్డుకు పైన, కుడి పక్కన నొక్కగానే ఆ పిల్ల నా మణికట్టు పట్టేసుకుంది.

గర్భసంచి పెరిగేకొద్దీ అపెండిక్స్‌ను పైకి నెట్టవచ్చని, అందుకే గర్భిణుల్లో ఆ నొప్పి మామూలు చోట ఉండకపోవచ్చని నేను చదువుకున్నదే. అనుమానం వచ్చింది. రాలేదని నన్ను నేను నమ్మించుకోవాలని చాలాసార్లు చూశాను, కానీ వచ్చింది. స్కానింగ్‌కు పట్నం పంపాలి, సర్జన్‌తో మాట్లాడాలి, బండి వచ్చేదాకా ఆమె దగ్గరే ఉండాలి. ఆ మధ్యాహ్నమే కొత్తగా తెరుస్తున్న ఒక పెద్ద ఆసుపత్రిలో నాకు ఇంటర్వ్యూ.

గ్యాస్ అన్నాను. మాత్రలిచ్చి పంపేశాను.

మాత్రలు నొప్పిని కాస్త కప్పాయి. ఇంట్లో రూతమ్మ వాము నీళ్లు కాచి తాగించింది. మర్నాడు సాయంత్రం సుజాత ఒళ్లు కాలే జ్వరంతో, బిగుసుకుపోయిన పొట్టతో తిరిగొచ్చింది. అప్పుడు పంపాను పట్నానికి. అపెండిక్స్ అప్పటికే పగిలిపోయింది. ఆపరేషన్ చేసి ఆమెను బతికించారు. బిడ్డ దక్కలేదు.

కొన్నాళ్లకు రూతమ్మ తన కొడుకును వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది.

"డాక్టరమ్మా, జర నిజం చెప్పు. నేను తాపిచ్చిన వాము నీళ్లతోనే గిట్లయిందా? అందరు గదే అంటున్రు."

కాదు అనాలి. రెండక్షరాలు. అంటే, మరి ఎందుకైందని కొడుకు అడుగుతాడు.

"సొంత వైద్యాలు చెయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలి అవ్వా?" అన్నాను.

ఆమె కొడుకు వైపు తిరిగింది. "తెల్వక చేసిన కొడకా." అతను తల్లి కోసం ఆగకుండా బయటికి నడిచాడు.

ఎందుకన్నాను ఆ మాట? భయమా? లేక చదువులేని మనిషి మీద వేస్తే నింద నిలుస్తుందని తెలిసేనా? తెలుసు. అదే నిజం.

నాకు ఆ ఉద్యోగం వచ్చింది. తర్వాత సుజాతకు కొడుకు పుట్టాడని, ఆ పసివాడికి నీళ్లు పోయడానికి కూడా నానమ్మను రానివ్వలేదని పాత నర్సు ఒకామె చెప్పింది. మరి కొన్నేళ్లకు రూతమ్మ పోయిందని కూడా ఆమె నోటే విన్నాను. ఆ రోజు మొయినాబాద్ దాకా కారులో వెళ్లాను. ఎంకపల్లి దారి మలుపులో కాసేపు ఆగి, వెనక్కి వచ్చేశాను.

మంచి డాక్టరమ్మ అని ఎవరైనా మెచ్చుకుంటే ఆ మనిషికి దూరం జరుగుతాను. అలా జరిగి జరిగి ఇప్పుడు దగ్గర ఎవరూ మిగల్లేదు.

సుజాతకు, ఆమె భర్తకు ఇంకా తెలియదు. వెళ్లి చెప్పగలనో లేదో నాకే తెలియదు. క్షమించమని అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేదు. వాము నీళ్లతో ఏ అపెండిక్సూ పగలదు. అది నేను ఇంటికి పంపినందువల్ల పగిలింది. ఈ మాట రాయడం నాకిదే మొదటిసారి. రాశాక కాస్త ఊపిరాడింది.