అంజన్న ఇఖామాలో గొర్రెలు

అంజన్న జీవితంలో గొర్రె దగ్గరికి పోయింది రెండే సార్లు. ఒకసారి చిన్నప్పుడు, అది కుమ్మింది. రెండోసారి పెళ్లి విందులో, అప్పటికది పళ్లెంలో ఉంది. అయినా సౌదీ సర్కారు దృష్టిలో ఆయన తొమ్మిదేళ్లుగా గొర్రెల కాపరి. కోరుట్ల ఏజెంటు దగ్గర ఆ రోజు మిగిలిన వీసా అదొక్కటే. సౌదీలోని ఖఫ్జీ పట్టణానికి వచ్చాక ఏసీలు బాగుచేయడం నేర్చుకున్నాడు, మంచి పనివాడని పేరూ తెచ్చుకున్నాడు. కానీ జేబులో పెట్టుకు తిరిగే ఇఖామా, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డు మీద మాత్రం కాపరిగానే ఉండిపోయాడు.

2013 వరకు ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. నితాకత్ అనే కొత్త కార్మిక చట్టం వచ్చాక పట్టింది. కార్డులో ఒక పని, చేతిలో ఇంకో పని ఉన్నవాళ్లను పాస్‌పోర్టులు తనిఖీచేసే జవాజాత్ పోలీసులు వ్యానెక్కించి ఇంటికి పంపేయడం మొదలుపెట్టారు. అప్పటినుంచి టోపీ, బెల్టు పెట్టుకున్న మనిషి కనిపిస్తే చాలు, అంజన్నకు బుర్రకంటే ముందు కాళ్లు పనిచేసేవి. ఒకసారి మేడ మీద ఏసీ బిగిస్తుంటే కింద జీపు ఆగిన చప్పుడైంది. నడినెత్తిన ఎండలో రెండు గంటలు నీళ్ల ట్యాంకు వెనక నక్కి కూర్చున్నాడు. తీరా చూస్తే వచ్చింది పెరుగు డబ్బాలు వేసే మనిషి. ఈ కథ గదిలో తోటివాళ్లందరికీ తనే చెప్పి నవ్వించేవాడు. ఎవరో చెప్పి నవ్వేదాకా ఆగడం కంటే తన పరువు తనే తీసుకోవడం నయమనుకునే రకం.

సర్కారు నవంబరు దాకా గడువిచ్చింది. ఆలోగా కఫీల్, అంటే తన పేరు మీద వీసా ఇచ్చిన యజమాని, సరేనంటే వేరే కంపెనీకి మారి, కార్డులో అసలు పని రాయించుకోవచ్చు. అంజన్నను ఏసీ మెకానిక్‌గా తీసుకోవడానికి ఒక కంపెనీ సిద్ధంగానే ఉంది. గడువు దాటితే మాత్రం ఇంటిదారే. కఫీల్ అబూ సాలెహ్ చెడ్డవాడేం కాదు. ఏదడిగినా ఇన్షా అల్లా అంటాడు, చిక్కంతా అక్కడే. రంజాన్ కానీ, చూద్దామన్నాడు. రంజాన్ అయ్యాక, కుటుంబంతో టాంజానియాలో అడవి చూడటానికి పోతున్నామని, తల్లి చక్రాల కుర్చీ నెట్టడానికి నువ్వూ రావాలని, తిరిగొచ్చాక ఆఫీసుకు పోదామని అన్నాడు. ఆ ముసలమ్మ అంజన్న తప్ప ఇంకెవరు కుర్చీ ముట్టినా కసురుకుంటుంది. అంజన్న కాదనగలడా? సింహం నోట్లో తల పెట్టి రమ్మన్నా పెట్టివచ్చేవాడే.

ఊళ్లో ఉన్న భార్య సీతాబాయికి ఫోన్ చేసి చెప్పాడు.

"గంత దూరం నీకేం పని?" అందామె.

"ఆళ్లు సింహాలను సూడనీకె పోతున్నరు. నేను కుర్చీ నూకనీకె."

"పైలంగ పో. సింహాలను సూసినా సూడకున్నా, గా కాయితం సంగతి మర్వకు."

రెండు విమానాలు మారి, ఆ పైన చిన్న విమానంలో మట్టి నేల మీద దిగి, జీపులో ఒక పూట పోతే గానీ ఆ అడవి రాలేదు. అడవంటే చెట్లు గుబురుగా ఉంటాయనుకున్నాడు అంజన్న. ఇక్కడ కనుచూపు మేరా ఎండిన పసుపు గడ్డి, ఎక్కడో ఒక గొడుగు చెట్టు. జీపు నడిపే జుమా ఒకప్పుడు మస్కట్‌లో పనిచేసినవాడు, అరబ్బీ బాగా వచ్చు. అంజన్న కాగితాల్లో వృత్తి చూసి అతని మొహం వికసించింది. మాదీ పశువుల కాపరుల ఇల్లేనని చెప్పి, మీ గొర్రెలకు కాలిపుళ్లు వస్తే ఏం చేస్తారని ఆప్యాయంగా అడిగాడు. అంజన్న ముందు ఫిల్టరు కడుగుతామనబోయి, నాలుక కరుచుకుని, దేవుడి దయ, మా గొర్రెలకు ఏ రోగమూ రాదన్నాడు. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.

మర్నాడు పొద్దున్నే జీపులో తిరిగారు. ఏనుగుల మందను చూశారు. తొమ్మిదింటికి ఒక చెట్టు నీడలో సింహాలు అడవిదున్నను తింటూ కనిపించాయి. ఎట్టి పరిస్థితిలోనూ జీపు దిగొద్దని జుమా మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ అందరికంటే గట్టిగా తలూపింది అంజన్నే.

అక్కడినుంచి పావుగంట పోయారో లేదో, దారికి అడ్డంగా ఒక కర్ర, పక్కన ఆకుపచ్చ యూనిఫాంలో తుపాకీ పట్టుకున్న మనిషి కనిపించారు. అడవి కాపలాదారు. పర్మిట్ చూడాలి, ఆపమని చెయ్యెత్తాడు. జీపు ఆగింది. అంజన్న ఎప్పుడు తలుపు తీశాడో, ఎప్పుడు దూకాడో అంజన్నకే తెలియదు. తెలిసేసరికి గడ్డిలో పరుగెడుతున్నాడు. నిలువెత్తు పుట్ట ఒకటి కనబడితే దాని వెనక కూలబడ్డాడు. అలవాటైన చేతులు పుట్టకు దండం కూడా పెట్టేశాయి. ఆ తర్వాతే బుర్ర వచ్చి కలిసింది. ఇది ఖఫ్జీ కాదని, ఇక్కడి పోలీసులకు తన గొర్రెల సంగతి పట్టదని, ఎదురుగా గడ్డిలో పడుకుని తనవైపే చూస్తున్నది కుక్క కాదని ఒక్కొక్కటే అర్థమయ్యాయి.

ఆడసింహం. నలభై అడుగుల దూరం కూడా లేదు.

వెనకనుంచి కాపలాదారు అడుగులో అడుగేసుకుంటూ వచ్చి, కదలొద్దని సైగ చేశాడు. అంజన్న ఏం చేశాడు? జేబులోంచి ఇఖామా తీసి అతనికి అందించాడు. సింహం అటు, తుపాకీ ఇటు, నడుమ అంజన్న కార్డు. అతను దాన్ని ఒకసారి చూసి, జాగ్రత్తగా తిరిగి అంజన్న జేబులోనే పెట్టాడు. తర్వాత చెయ్యి పట్టుకుని, మొహం సింహం వైపే ఉంచి, వెనక్కి వెనక్కి నడిపించుకుంటూ జీపు దాకా తెచ్చాడు. యూనిఫాంలో ఉన్న మనిషి తన చెయ్యి అలా పట్టుకోవడం అంజన్నకు అదే మొదటిసారి. దుఃఖం ముంచుకొచ్చింది. అది సింహం వల్ల కాదని మాత్రం తెలుసు.

జీపులో పిల్లలు పడిపడి నవ్వారు. అబూ సాలెహ్ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదని అంజన్న కూడా నవ్వాడు. ముసలమ్మ ఒక్కతే నవ్వలేదు. ఇతనెందుకు పరుగెత్తాడని కొడుకును అడిగింది. జవాజాత్ వాళ్లనుకున్నాడు, కార్డులో గొర్రెల కాపరని ఉంది కదా అని అతను నవ్వుతూనే చెప్పాడు.

"మనకు గొర్రెలు ఎప్పుడున్నాయి?" అందామె.

అబూ సాలెహ్ నవ్వు ఆగిపోయింది. ఇన్షా అల్లా అనడానికి అది వీలయ్యే ప్రశ్న కాదు. జుమా జీపు కదిలించాడు. బస చేరేదాకా కఫీల్ బయటి గడ్డినే చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు అంజన్న వైపు చూడకుండా, ఊరు చేరిన మొదటి ఆదివారమే ఆఫీసుకు పోదామన్నాడు.

ఈసారి మాట తప్పలేదు. కార్మిక శాఖ ఆఫీసులో గడువు దగ్గరపడి వచ్చిన జనం గోడల దాకా నిండి ఉన్నారు. అంజన్న వంతు వచ్చింది. అద్దం వెనక అధికారి వృత్తి ఏమిటని అడిగాడు. అంజన్న కఫీల్ వైపు చూశాడు. నువ్వే చెప్పు అన్నట్టు అబూ సాలెహ్ పక్కకు జరిగాడు. తొమ్మిదేళ్లలో సర్కారు మనిషి ముందు ఎన్నడూ నోటరాని మాట. తలుపు ఎక్కడుందో అంజన్న కాళ్లు అప్పుడే చూసి పెట్టుకున్నాయి.

"ఏసీ మెకానిక్" అన్నాడు.

అధికారి తలైనా ఎత్తలేదు. టకటకా కొట్టుకుని, ముద్ర వేసి, తర్వాతివాణ్ణి పిలిచాడు.

బయటికొచ్చి అంజన్న మెట్ల మీద కూర్చున్నాడు. సంతోషం వస్తుందని చూశాడు, ముందు కోపమే వచ్చింది. తల కూడా ఎత్తనక్కర్లేని ఇంత చిన్న పనికి, తను ఇన్నాళ్లూ దాక్కుని బతికాడు.