తారు రోడ్డు మీద పుట్టిన పాట

నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దగ్గర మాకొక చిన్న చాయ్ హోటల్ ఉండేది. మా ఆయన పొయ్యి దగ్గర ఉంటే, నేను వెనక బజ్జీల పని చూసుకునేదాన్ని. గొర్లు కాసుకునే ఇంటి కోడలు ఒకామె పొద్దున్నే మాకు బర్రె పాలు తెచ్చి పోసేది. నాకంటే చిన్నది. నన్ను అక్కా అని పిలిచేది. పాలు తెచ్చిన సర్వ గిన్నె కడుక్కుంటూ ఏదో కూనిరాగం తీసేది. మా ఊళ్లో ఆడవాళ్లంతా పని చేస్తూ పాడుకునేవాళ్లే కనుక నేను పట్టించుకోలేదు.

యాభైల చివర్లో అనుకుంటాను, ఒక ఉదయం హైదరాబాదు పోయే బస్సు మా హోటల్ ముందు చెడిపోయింది. జనమంతా దిగివచ్చి బెంచీల మీద కూర్చున్నారు. లోపలి నుంచి వస్తున్న ఆమె గొంతు విని ఒక ముసలాయన, "ఎవలు బిడ్డా పాడేది? జర బయటికొచ్చి పాడరాదు," అన్నాడు.

ఆమె నా ముఖం చూసింది. "పో, పాడు. ఎవలేమంటరు?" అన్నాను. కొంగు నడుముకు చుట్టుకుని గడప దగ్గర నిలబడి ఎత్తుకుంది.

నల్ల రోడ్డొచ్చె నా గొర్ల నడుమకు
ఆవల గడ్డున్నది, ఈవల నీడున్నది
లారి జెప్తె ఆగది, గొర్రె జెప్తె ఆగది
యాడ నిలువాలె నేను, ఓ తారు రోడ్డా!

ఆ రోడ్డు మీద లారీలు ఎక్కువవుతున్న రోజులవి. మందను దాటించడం ఎంత కష్టమో మాకందరికీ తెలుసు. ఆ కష్టంలో ఒక పాట దాగి ఉందని మాత్రం ఎవరికి తెలుసు! చాయ్ పొంగి పొయ్యిలో పడుతున్నా మా ఆయన కదల్లేదు.

"గీ పాట ఎవలు కట్టిండ్రు బిడ్డా?" అని అడిగాడు ముసలాయన.

"ఎవలు కడ్తరు తాతా? గొర్లెంబడి నడుస్తాంటే నాకే వచ్చింది."

ఇన్నాళ్లూ ఈమె దగ్గర పాలు మాత్రమే పోయించుకున్నాను కదా అనిపించింది.

ఆ తర్వాత లారీ డ్రైవర్లు కావాలని మా దగ్గర ఆగడం మొదలైంది. "పాటామె వచ్చిందా?" అని అడిగి మరీ కూర్చునేవాళ్లు. ఆమె రాని వానల మీద కట్టింది, టికెట్టు కొట్టకుండా నిద్రపోయే కండక్టరు మీద కట్టింది. పాట పుట్టడం నేను ఒకసారి కళ్లారా చూశాను. ఇద్దరం ఉల్లిగడ్డలు కోస్తున్నాం. ఉన్నట్టుండి ఆమె చేతులు ఆగిపోయాయి. "అక్కా, జర ఆగు," అని గోడకేసి చూస్తూ పెదవులు కదిపింది. నా చేతిలో గడ్డ కోయడం అయ్యేలోపే పాట మొత్తం పాడేసింది, ఎవరో చెవిలో చెప్పినట్టు. ఆమెకు అక్షరం రాదు.

ఒకరోజు ఆమె భర్త వచ్చి కర్ర పట్టుకుని బయట నిలబడ్డాడు. గొడవ పెడతాడేమోనని నాకు భయం వేసింది. పాటంతా విని, లోపలికి వచ్చి చాయ్ అడిగి, "ఇంట్ల గింత మంచిగ పాడదు వదినా," అన్నాడు. అందరం నవ్వాం.

మా హోటల్లో ఆగిన ఒక రేడియో ఆయన ఆమెను హైదరాబాదుకు పిలిపించాడు. తోడుగా నేను వెళ్లాను. రేడియో స్టేషన్‌లో మెత్తటి గోడల గది. తలుపు వేస్తే బయటి చప్పుడే లేదు. ఆమె చుట్టూ చూసింది.

"అక్కా, ఈడ మనుషులు లేరు. ఎవలకు పాడాలె?" అంది.

వాళ్లు నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. దగ్గవద్దని మరీ మరీ చెప్పారు. ఆమె నా ముఖం చూస్తూ పాడింది. హోటల్ రద్దీలో ఎన్నడూ వినబడని ఆమె ఊపిరి ఆ రోజు నాకు వినబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

పాట వచ్చే రోజున ఊరంతా పంచాయతీ రేడియో దగ్గర చేరింది. జనం పెట్టెను చూస్తారు, పక్కన నిలబడ్డ ఆమెను చూస్తారు. ఆమె మాత్రం, "గామె నాకన్న మంచిగ పాడుతాంది," అని నవ్వింది.

తర్వాత పిలుపులు మొదలయ్యాయి. పాలమూరు అని పిలిచే మహబూబ్‌నగర్‌లో ఒక పెద్ద సభకు రమ్మంటే ఇద్దరం బస్సులు మారి బయలుదేరాం. ఆ జిల్లాలోకి వచ్చాక ఇంజను వేడెక్కిందని బస్సు ఆపారు. పక్కనే జొన్న చేలో ఆడవాళ్లు కలుపు తీస్తూ పాడుతున్నారు. విని ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అది ఈమె పాటే. కానీ అందులో ఈమె కట్టని చరణం ఒకటి ఉంది.

ఆవల గట్టు మీద బిడ్డున్నది, ఈవల చేన్ల కలుపున్నది
బిడ్డ ఏడుపాగది, పొద్దు పరుగాగది
యాడ నిలువాలె నేను, ఓ జొన్న చేనా!

ఆమె చెప్పులు చేతబట్టుకుని చేలోకి దిగింది. వాళ్లతో పాటు వంగి కలుపు తీస్తూ ఆ చరణాన్ని మళ్లీ మళ్లీ పాడించుకుని నేర్చుకుంది. డ్రైవరు హారన్ కొడితేగాని బస్సెక్కలేదు. చేతుల నిండా మట్టి.

"నీ పాటేనని చెప్పకపోతివేందే?" అన్నాను.

"చెప్తే పాడుడు బంద్ జేస్తరక్కా," అంది. కాసేపటికి కిటికీలోంచి చూస్తూ, తనలో తాను అనుకున్నట్టుగా, "నా పాటకు బిడ్డ పుట్టింది," అంది.

ఆ సాయంత్రం సభలో అంత జనాన్ని చూసి నేను వేదిక కిందే ఆగిపోయాను. ఆమె మైకు ముందుకు వెళ్లి, "ముందుగాల పాడేది నేను కట్టింది గాదు. మీ పాలమూరు ఆడోళ్లు కట్టిండ్రు," అని జొన్న చేను చరణం ఎత్తుకుంది. రెండోసారి పాడేటప్పటికి వెనక వరుసల్లోని ఆడవాళ్లు గొంతు కలిపారు. తర్వాత ముందు వరుసలు. ఆమె పాడడం ఆపి వింటూ నిలబడింది. వేదిక కింద నిలబడి నేను కూడా గొంతెత్తాను. అంతకుముందు నలుగురిలో పాడి ఎరుగను.