అత్తగారి పన్ను

పొలాల మీద పురుగుమందు చల్లే చిన్న విమానం నడిపేవాడతను. తోటివాళ్ళు మబ్బులోడు అనేవారు. ఎవరి సంచిలో ఏముందో తెలుసుకునేదాకా కాలు నిలవని మనిషి. అలాంటివాడికి ఒక వ్యాపారి సీలు వేసిన డబ్బాలు అప్పగించి సరిహద్దు దాటించమన్నాడు. షరతు ఒక్కటే, మూత తియ్యకూడదు.

పదమూడు ట్రిప్పులు ఎలా ఉగ్గబట్టుకున్నాడో అతనికే తెలియదు. ఊపి చూస్తే గలగలమనేది. వాసన చూస్తే ఫినాయిలు. స్క్రూలనుకున్నాడు, మందుబిళ్ళలనుకున్నాడు, మనసొప్పలేదు. పద్నాలుగోసారి, కింద నది కనబడుతుండగా, కంట్రోలు కర్రను మోకాళ్ళ మధ్య ఇరికించి మూత తీసేశాడు.

నిండా మనుషుల పళ్ళు. అన్నిటికీ బంగారు తొడుగులే.

భయం తర్వాత వచ్చింది. ముందు వేలితో కెలికి చూశాడు. ఒక పన్ను మీద ఆకుపచ్చ రాయి తళుక్కుమంది. పన్నెండేళ్ళు ఆ రాయిని చూస్తూనే తిట్లు తిన్నాడతను. అది అత్తగారిది. ఆవిడ నెల కిందట ఆస్పత్రిలో పోయింది. పన్ను ఏమైందని అతని భార్య నిలదీస్తే, శవాలగది గుమస్తా "పెద్దావిడ మింగేసి ఉంటారమ్మా" అన్నాడు.

విమానం వెనక్కి తిప్పి, ఇంటికెళ్ళి, పన్ను భార్య అరచేతిలో పెట్టాడు.

"ఎక్కడ దొరికింది?"

"ఆకాశంలో." తర్వాత జరిగిందంతా చెప్పాడు.

ఆమె పన్నును కొంగు చివర ముడేసుకుంది. "ఏదైనా తిని చెప్పులేసుకోండి, పోలీసు స్టేషనుకి పోదాం. అక్కడ తిండి ఎప్పుడు పెడతారో ఏమో."

గుమస్తా, వ్యాపారి ఇద్దరూ దొరికారు. మబ్బులోడికి రెండేళ్ళ జైలు పడింది, లైసెన్సు పోయింది. బయటికొచ్చి నీటిపంపులు బాగుచేసుకుంటూ బతికాడు. ఆ డబ్బాలోని పళ్ళలో కొన్ని ఎవరివో తేలకుండా స్టేషనులోనే ఉండిపోయాయని తెలిసింది. ఇక ఊరుకోలేకపోయాడు. ఆ ఆస్పత్రిలో పోయినవాళ్ళ ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి, "మీ నాన్నగారు ఏ పక్క నమిలేవారండీ?" అని అడిగేవాడు. చాలామంది మొహాన తలుపేశారు.

ఒక ముసలి దర్జీ మాత్రం స్టేషనుకి వచ్చి, తన భార్య పన్ను గుర్తుపట్టాడు.

"మా ఆవిణ్ణి విమానం ఎక్కించింది నువ్వేనా?"

"నేనేనండీ."

"దానికి ఎప్పట్నుంచో ఎక్కాలని ఉండేది," అన్నాడు దర్జీ. తర్వాత మబ్బులోడి చెంప ఛెళ్ళుమనిపించాడు.

మబ్బులోడు చెంప తడుముకున్నాడు. అయినా అడిగాడు.

"ఎక్కడికెళ్ళాలని ఉండేదండీ ఆవిడకి?"