పదహారు ఎమ్ఎమ్ పడవ

పైడిరాజు భిలాయి ఉక్కు కర్మాగారంలో ముప్ఫై నాలుగేళ్ళు ఖలాసీ. అంటే క్రేను చేరలేని చోటికి బరువును దుంగల మీద, కప్పీల మీద, నోటి పాట మీద చేర్చేవాడు. రిటైరై అక్కడే రిసాలిలో ఇల్లు కట్టుకున్నాక అతనికి లాగడానికి ఏమీ మిగల్లేదు. అలాంటి మనిషి దగ్గర గార్దా సరస్సు మాట ఎత్తడం నాదే తప్పు.

ఇటలీలో అన్నిటికన్నా పెద్ద సరస్సు అది. నేను వెళ్ళిన రెండు రోజులూ పొగమంచు. ఎదురుగా ఉన్న రెయిలింగు తప్ప ఏమీ కనబడలేదు. కాబట్టి దాని గురించి పుస్తకాల్లో చదివిందంతా ధైర్యంగా చెబుతుంటాను. ఆల్ప్స్ కొండల మంచునది ఒకటి వేల ఏళ్ళు జారుతూ లోయను గోకి, గోకిన రాళ్ళనూ మట్టినీ దక్షిణపు కొసన గట్టుగా పోసి కరిగిపోయింది. ఆ గుంటలో నిలిచిన నీళ్ళే గార్దా. లోతు మూడువందల నలభై ఆరు మీటర్లు. తెల్లారి ఉత్తరపు గాలి, మధ్యాహ్నం దక్షిణపు గాలి, షిఫ్టులు మారినట్టే. మంచుకొండల కింద నిమ్మతోటలు. చలికాలం రాతి స్తంభాల మీద చెక్కలూ అద్దాలూ కప్పి చెట్లను కాపాడేవారట.

పైడిరాజు ఇవన్నీ తన ఇంటి వరండాలో టీ చల్లార్చుకుంటూ విన్నాడు. 1439లో వెనిస్ వాళ్ళు యుద్ధనౌకలను కొండ దాటించి ఈ సరస్సులో దించారని అనేసరికి గ్లాసు కింద పెట్టేశాడు.

"కొండ మీంచా?"

"ఆరు పెద్ద నౌకలు, పాతిక పడవలు. నదిలో ఎదురెక్కించి, ఆపైన దుంగల మీద లాగారు. రెండువేల ఎద్దులట."

"ఎక్కించడం ఏటుంది గురూగారూ, ఎద్దులు లాగీస్తాయి. దించడం ఎలాగ దించినారో అది సెప్పండి."

చెట్లకూ బండలకూ తాళ్ళు చుట్టి వదులుతూ దించారని చెప్పాను. సరస్సు మీంచి వచ్చే గాలికి తెరచాపలు విప్పి, వేగం తగ్గించుకున్నారని రాసినవాళ్ళు కూడా ఉన్నారన్నాను. అతను గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "మనోళ్ళే," అన్నాడు.

లోపల్నుంచి అతని భార్య అప్పలనర్సమ్మ అందుకుంది. ఆవిడ భీమిలిలో చేపల వేటగాడి కూతురు. "ఆళ్ళు ఓడల్నే కొండెక్కించినారు. నువ్వు పెళ్ళిలో ఏటన్నావు మావా? భిలాయిలో కూడా పడవెక్కిస్తానన్నావు. నలభై రెండేళ్ళయింది. ఈ ఊర్లో నేను సూసిన నీళ్ళన్నీ కొళాయిలోనే."

నేనూ ఆవిడా నవ్వాం. పైడిరాజు నవ్వలేదు. ఒప్పుకున్న బరువును చోటికి చేర్చకుండా అతను ఇంటికి వెళ్ళిన రోజు లేదు. ఇదొక్కటే బాకీ పడిపోయింది.

రిసాలి వెనక ఒక గుంట ఉంది. దాన్ని తవ్విన మంచునది పేరు జేసీబీ. రోడ్డుకు మట్టి కావాలని తవ్వారు, వానలు నింపాయి, గట్టు మీద నాలుగు బెంచీలు పడ్డాక తాలాబ్, అంటే చెరువు, అయింది. భాద్రపదంలో పైడిరాజు వెదురుగడ దించి చూస్తే ఏడడుగుల లోతు.

కొడుకు నవీన్‌కుమార్‌కు హథ్‌ఖోజ్‌లో నీళ్ళ ట్యాంకులు చేసే షెడ్డు ఉంది. పైడిరాజు అతన్ని పడవ చెయ్యమన్నాడు.

"ఫైబర్‌ది కొనేద్దాం నాన్నా. హల్కాగా, తేలిగ్గా ఉంటుంది."

"భిలాయిలో పుట్టి పిలాస్టిక్ అంటావేట్రా?"

"సరే, మూడు ఎమ్ఎమ్ రేకు."

"రేకు డబ్బాకి. మీ అమ్మ కూర్చోవాలి. పదహారు ఎమ్ఎమ్ ప్లేటు వెయ్యి."

"నాన్నా, పడవా, బ్లాస్ట్ ఫర్నేసా?"

పదహారే వేశారు. అడుగు భాగం సముద్రపు పడవలా కోసుగా ఉండాలని అప్పలనర్సమ్మ చెప్పింది. ఎనిమిది నెలలకు రెండున్నర టన్నుల పడవ తయారైంది. లారీ రోడ్డు చివరిదాకా తెచ్చింది. అక్కణ్ణుంచి గుంటకు సన్న సందు, ఆపైన గట్టు, గట్టు దిగితే వాలు. క్రేను రాదు. పైడిరాజు ముఖం ఆ రోజు వెలిగిపోయింది.

ముహూర్తం మే నెలలో పెట్టాడు. నేల గట్టిగా ఉన్నప్పుడే బరువు లాగాలి, తడి నేలలో దుంగలు దిగబడతాయి. రిటైరైన ఖలాసీలు పన్నెండుమంది వచ్చారు. మోకాళ్ళ నొప్పులు, బీపీ మాత్రలు, గొంతులు మాత్రం పాతవే. "ఐలెస్సా" అంటే సందులో కిటికీలు అదిరాయి. వాలు దగ్గర రెండు వేపచెట్లకు తాళ్ళు చుట్టారు. పడవకు టార్పాలిన్ తెరచాప కట్టించాడు. గాలి లేదు. వెనిస్ వాళ్ళు కట్టారు కాబట్టి కట్టించాడు.

పడవ వెంట్రుకవాసి పక్కకు జరక్కుండా దిగింది. నీళ్ళను తాకింది. అక్కడే కూర్చుంది.

గుంటలో అడుగున్నర నీళ్ళున్నాయి. పైడిరాజు దారి చూశాడు, వాలు చూశాడు, చెట్ల వేళ్ళు తవ్వించి చూశాడు. నీళ్ళు చూడలేదు. ఖలాసీ బరువును దించేది పునాది మీదే. పునాది ఎండాకాలం ఇంకిపోదు.

ఖలాసీలు తాళ్ళు చుట్టుకోవడం మొదలెట్టారు. నేను మాత్రం ఊరుకోలేక, వెనిస్ వాళ్ళు కూడా అంత కష్టపడి దించిన నౌకల్లో చాలావాటిని ఆ ఏడాదే పోగొట్టుకున్నారనీ, మరుసటేడు మళ్ళీ కట్టుకుని గెలిచారనీ ఓదార్చబోయాను. పైడిరాజు నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను.

అప్పలనర్సమ్మ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, మోకాలిలోతు బురదలో నడిచి వెళ్ళి పడవెక్కి కూర్చుంది. "ఎక్కినాను. ఇంక కదిలించడం నీ పని," అంది.

జూన్ అంతా పైడిరాజు ఆకాశం చూస్తూ తిరిగాడు. జూలైలో మూడు రోజులు ఆగని వాన పట్టింది. నాలుగో రోజు పొద్దున్న పడవ బురదను వదిలి, గట్టు పక్కన మెల్లగా ఊగుతోంది. కబురు అందుకుని నేను వెళ్ళేసరికి ఇద్దరూ అందులో ఉన్నారు. పైడిరాజు రెండు చేతులతో ప్లేటు అంచు పట్టుకున్నాడు. అతనికి ఈత రాదన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. వేపచెట్టు నుంచి పడవదాకా తాడు. పడవ గాలికి ముప్ఫై అడుగులు వెళ్ళి, తాడు బిగుసుకుని ఆగిపోయింది.

"ఇప్పీ మావా."

"బరువుకి తాడు ఇప్పకూడదే."

"ఇది బరువు కాదు, పడవ."

"రెండున్నర టన్నులే!"

ఆవిడ వంగి, ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారీ జారని ముడిని రెండు వేళ్ళతో విప్పి, తాడును నీళ్ళలో పారేసింది. భాద్రపదంలో లోతు కొలిచిన వెదురుగడ అందుకుని, నిలబడి ఒక్క తోపు తోసింది. గుంట మధ్యకు వెళ్ళాక వెనక్కి తిరిగి, "గట్టిగా పట్టుకో," అంది. అప్పటికే అతను పట్టుకునే ఉన్నాడు.